విరుపుకు ఒదిగిన రాయి

(స్మారకోపన్యాస పాఠం)

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ చరిత్ర మాస్టారు, పిల్లల్ని ఏ పాత గుడికి తీసుకెళ్లినా ముందు శిల్పాల దగ్గరికి పోనిచ్చేవారు కాదు. గోడ చుట్టూ ఒకసారి తిప్పేవారు. రాయి రంగు ఎక్కడ మారింది, సున్నం ఎక్కడ కొత్తది, ఏ స్తంభం ముక్కను తెచ్చి ఏ గోడలో ఇరికించారు, అవి వెతకమనేవారు. అతుకు దొరికిందంటే ఆ గుడి మీదుగా ఏ కాలం నడిచి వెళ్లిందో దొరికినట్టేనని ఆయన నమ్మకం. ఆయన గ్రీసు చూడలేదు. ఆయన అలవాటు చేసిన చూపుతో ఏథెన్స్ నగరంలోని అక్రోపోలిస్ కొండ ఎక్కినవాడికి ఏం కనిపిస్తుందన్నదే ఈ ప్రసంగం.

అక్రోపోలిస్ అంటే గ్రీకు భాషలో ఎత్తు మీది ఊరు. నగరం నడిబొడ్డున సముద్రమట్టానికి 150 మీటర్ల పైచిలుకు ఎత్తులో నిలిచిన సున్నపురాతి గుట్ట అది. పైన చదునుగా ఉన్న మేర దాదాపు 3 హెక్టార్లు, అంటే ఏడెకరాలకు కాస్త ఎక్కువ. మూడు వైపులా నిటారు బండ. పడమటి వాలు ఒక్కటే మనిషి ఎక్కడానికి వీలిస్తుంది. క్రీ.పూ. 13వ శతాబ్దంలోనే ఇక్కడ రాజులు పెద్దపెద్ద బండలతో కోటగోడ కట్టుకున్నారు. దాని అవశేషాలు ఇప్పటికీ ఉన్నాయి. గుడులన్నీ ఆ తర్వాత వచ్చినవే.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందే వెళ్లడం మంచిది. ఏథెన్స్ వేసవి మన రెంటచింతలను తలపిస్తుంది. 2023 జులైలో వడగాడ్పులకు అధికారులు మధ్యాహ్నం పూట కొండను మూసేయాల్సి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి రోజుకు 20,000 మందిని మించి పంపకూడదని పరిమితి పెట్టి, గంటల వారీగా టికెట్లు ఇస్తున్నారు. దారిలోని రాయి తరతరాల పాదాలకు అద్దంలా నునుపెక్కింది. వాన పడకపోయినా జారుతుంది. చూపు నేల మీద పెట్టి నడవక తప్పదు. అలా తల వంచుకుని నడిచినవాడికి మొదటి ద్వారం దగ్గరే మాస్టారి పాఠం ఎదురొస్తుంది.

ఆ ద్వారాన్ని బ్యూలే ద్వారం అంటారు. 1852లో ఎర్నెస్ట్ బ్యూలే అనే ఫ్రెంచి పరిశోధకుడు దాన్ని మట్టిలోంచి బయటపెట్టాడు. చూడ్డానికి మామూలు కోట వాకిలి. తల ఎత్తి చూస్తే గోడలో గుడి దూలాలవంటి రాళ్లు, వాటి మీద అక్షరాలు కనిపిస్తాయి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో నికియాస్ అనే ధనికుడు పోషించిన గాయకబృందం పోటీలో గెలిచింది. ఆ గెలుపు గుర్తుగా అతను కొండ కింద ఒక కట్టడం కట్టించాడు. క్రీ.శ. 267లో హెరూలియన్లు అనే తెగ ఏథెన్స్ మీద పడి దోచుకున్న తర్వాతి రోజుల్లో ఊరిని కాపాడుకోవడానికి ఆ కట్టడాన్ని విప్పి ఈ వాకిలి కట్టారు. పాటల పందెంలో గెలిచిన రాయి కోట కాపలాకు వచ్చిందన్నమాట.

దాన్ని దాటితే ప్రొపిలేయా, అసలైన మహాద్వారం. నెసిక్లిస్ అనే స్థపతి క్రీ.పూ. 437లో మొదలుపెట్టాడు. అయిదేళ్లకు స్పార్టాతో యుద్ధం కమ్ముకుంది, పని ఆగింది, మళ్లీ మొదలు కాలేదు. లోపలికి పోతూ పక్క గోడలను పరికిస్తే రాళ్ల మీద పిడికిలంత బుడిపెలు పొడుచుకొచ్చి కనిపిస్తాయి. రాయిని ఎత్తేటప్పుడు, జరిపేటప్పుడు పట్టు కోసం వదిలేవి అవి. చివర్లో చెక్కేసి గోడను నునుపు చేయాలి. ఆ చివరి రోజు రాలేదు. యుద్ధానికి తరలిన పనివాళ్లు వదిలేసిన బుడిపెలు 2,450 ఏళ్లుగా అలాగే ఉన్నాయి. చరిత్ర పుస్తకంలో యుద్ధం మొదలైన తేదీ చదవడం ఒకటి, ఆ తేదీని రాతి మీద చూడటం మరొకటి.

కుడివైపు బురుజు మీద చిన్న గుడి, ఎథీనా నైకీ ఆలయం. విజయమిచ్చే ఎథీనా దేవత అని అర్థం. దాని కథ వింటే జాలేస్తుంది. 1686లో వెనిస్ సేనలు వస్తున్నాయని తెలిసి అప్పటి తుర్కు పాలకులు ఈ గుడిని రాయి రాయి విప్పి ఫిరంగులు పెట్టుకునే గోడలో వాడేశారు. గ్రీసు స్వతంత్రమయ్యాక 1835లో ఆ గోడను కూల్చి, అందులోని రాళ్లు ఏరుకుని గుడిని తిరిగి నిలబెట్టారు. బురుజు కుంగడంతో 1930ల చివర్లో మళ్లీ విప్పారు, మళ్లీ కట్టారు. ఈ శతాబ్దంలో మూడోసారి విప్పి 2010కి పూర్తి చేశారు. దూరం నుంచి చూస్తే క్రీ.పూ. 5వ శతాబ్దం నుంచి కదలకుండా నిలబడినట్టుంటుంది.

ఈ కొండ మీద ఇప్పుడు కనిపించే గుడులన్నీ ఒక ధ్వంసం తర్వాత కట్టినవే. క్రీ.పూ. 480లో పారశీక సైన్యం ఏథెన్స్‌ను పట్టుకుని కొండ మీది గుడులను తగలబెట్టింది. ఎథీనా గుడి అయిన పాత పార్థెనాన్ అప్పటికి కట్టుబడిలో ఉంది. దాని స్తంభాల కోసం చెక్కిన గుండ్రటి రాతి దిమ్మెలు మంటల్లో దెబ్బతిన్నాయి. ఏథెన్స్ వాళ్లు వాటిని పారేయలేదు. ఉత్తరపు కోటగోడను తిరిగి కట్టేటప్పుడు ఊళ్లోకి కనబడేలా వరసగా పేర్చారు. ఇవాళ్టికీ కింద పాత ఊరి సందుల్లోంచి తలెత్తితే గోడలో ఆ రాతి చక్రాలు లెక్కపెట్టవచ్చు. మనవరాలికి చూపించి తాత కథ చెప్పుకోవడానికి పెట్టినట్టుంటాయి.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా గడిచాక ఏథెన్స్ నాయకుడు పెరిక్లిస్ పూనికతో కొత్త పార్థెనాన్ పని మొదలైంది. క్రీ.పూ. 447లో పునాది, 438లో ప్రతిష్ఠ, 432కు శిల్పాలు పూర్తి. ఇక్టినస్, కాలిక్రేటిస్ స్థపతులు. శిల్పాల పెత్తనం ఫిడియాస్‌ది. దంతం, బంగారు రేకులతో దాదాపు 12 మీటర్ల ఎత్తున ఎథీనా మూర్తిని చేసింది ఆయనే. ఆ మూర్తి ఇప్పుడు లేదు. పాలరాయి ఊరికి ఈశాన్యంగా పదహారు కిలోమీటర్ల దూరంలోని పెంతెలి కొండ నుంచి వచ్చింది. కొత్తగా కోసినప్పుడు తెల్లగా మెరిసే ఆ రాతిలో ఇనుప అణువులున్నాయి. ఎండకు, గాలికి ఏళ్లు గడిచేకొద్దీ అది తేనెరంగుకు తిరుగుతుంది. సందర్శకుడు ఈ మాట గుర్తుంచుకుంటే చాలు, పార్థెనాన్‌ను పుస్తకంలా చదవొచ్చు. తేనెరంగుది పాతరాయి, తెల్లగా ఉన్నది మొన్నమొన్న చేర్చినది.

ముందు వెడల్పున 8, పక్కన పొడవున 17, మొత్తం చుట్టూ 46 స్తంభాలు. ఒక్కొక్కటి పది మీటర్లు దాటిన ఎత్తు. ఇవి ఏ గైడయినా చెబుతాడు. అసలు వింత చూడాలంటే గుడి మెట్టు చివర కూర్చుని, దాని అంచు వెంట కన్ను ఆనించి అవతలి కొసకు చూడాలి. తిన్నగా ఉందనుకున్న మెట్టు మధ్యలో చేప వీపులా పైకి లేస్తుంది. పొడవు వైపు ఆ లేపు పదకొండు సెంటీమీటర్లు, వెడల్పు వైపు ఆరు. ఈ కొస దగ్గర మెట్టు మీద ఎవరైనా టోపీ పెడితే ఆ కొస నుంచి సరిగ్గా కనబడదు. స్తంభాలు కూడా నిలువుగా లేవు, కొద్దిగా లోపలికి వాలాయి. మూలలవి తక్కినవాటికంటే లావు. నేల వంగింది కాబట్టి దాని మీది ప్రతి రాయీ ఆ వంపుకు తగ్గట్టు ఏటవాలుగా చెక్కాలి. అందుకని ఏ రాయీ ఇంకో రాయి చోట సరిగ్గా కూర్చోదు. వేల రాళ్లున్న కట్టడంలో ప్రతి రాయికీ ఒక్కటే ఇల్లు. ఈ సంగతి మళ్లీ అక్కరకొస్తుంది.

స్తంభం ఒకే రాయి కాదు. పది పన్నెండు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చి నిలబెట్టినది. ఒక్కో దిమ్మె నడిమధ్యన చతురస్రంగా గుంట తీసి అందులో చెక్క దిమ్మ బిగించారు. దానిలో గుండ్రటి చెక్క చీల. కింది దిమ్మెకూ పై దిమ్మెకూ కేంద్రాలు కలిసేది ఆ చీల దగ్గరే. అంచులను ఎంత గట్టిగా అరగదీసి కలిపారంటే లోపలికి గాలీ తడీ చొరలేదు. మరమ్మతుల కోసం ఆధునికులు దిమ్మెలను విప్పినప్పుడు లోపల ఆనాటి చెక్క చెక్కలాగే దొరికింది. రెండువేల నాలుగువందల ఏళ్లు! పక్కపక్క రాళ్లను కలపడానికి ఇనుప బందులు వేసి, చుట్టూ కరిగించిన సీసం పోశారు. ఇనుముకు తుప్పు పట్టకుండా, భూకంపానికి కాస్త ఊగే వీలుండేలా ఆ సీసం కాపాడింది.

తూర్పు ముఖం మీది దూలం వైపు జాగ్రత్తగా చూస్తే వరసగా చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. క్రీ.పూ. 334లో గ్రానికస్ యుద్ధంలో పారశీకులను ఓడించిన అలెగ్జాండర్ 300 కవచాలు ఎథీనాకు కానుకగా పంపాడు. గుడి ముఖం మీద డాళ్లు బిగించిన గుర్తులు అక్కడే ఉన్నాయి. వాటి మధ్యనే ఇంకొన్ని రంధ్రాలు. అవి క్రీ.శ. 61 ప్రాంతంలో రోము చక్రవర్తి నీరో పేరిట కంచు అక్షరాలు తాపిన చోట్లు. నాలుగు శతాబ్దాల తేడాతో వచ్చిన ఇద్దరు ఏలికల గొప్పలో మిగిలింది మేకు దిగిన బెజ్జాలే.

గుడి తర్వాత చర్చి అయింది. ఎథీనా ఇంట్లో కన్య మరియ కొలువుదీరింది. 1204 తర్వాత లాటిన్ క్రైస్తవుల చేతికి వచ్చింది. 15వ శతాబ్దం నడుమ తుర్కులు వచ్చాక మసీదయింది, మీనారు లేచింది. దేవుళ్లు మారినా కప్పు మాత్రం నిలిచింది. నిజానికి మారినందువల్లనే నిలిచింది. వాడుకలో ఉన్న ఇల్లు కూలదు. ఆ కప్పును కూల్చింది దేవుడి మార్పిడి కాదు, మందుగుండు. 1687 సెప్టెంబరు 26న వెనిస్ సేనాని మొరోసిని దళాలు పేల్చిన గుండు, తుర్కులు లోపల దాచిన మందుగుండు మీద పడింది. నడిమి గోడలు, ఉత్తర దక్షిణ స్తంభాల్లో అనేకం ఎగిరిపడ్డాయి. లోపల తలదాచుకున్న స్త్రీలు, పిల్లలతో సహా మూడువందల మంది దాకా చనిపోయారంటారు. ఈ సంగతి చెప్పేటప్పుడు చాలా పుస్తకాలు రాళ్ల నష్టాన్నే లెక్కగడతాయి. ఆ మనుషుల పేర్లు ఎవరూ రాయలేదు. కొండ మీద నిలబడినప్పుడు వాళ్లనూ ఒకసారి తలచుకోవాలి.

తర్వాత 1801 నుంచి బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ మనుషులు మిగిలిన శిల్పాల్లో పెద్ద భాగాన్ని విప్పి ఓడలకెక్కించారు. కొన్ని పలకలను బరువు తగ్గించడానికి వెనక వైపు కోసేశారు. 1816లో బ్రిటిష్ ప్రభుత్వం వాటిని 35,000 పౌండ్లకు కొన్నది. పార్థెనాన్ చుట్టూ సాగిన 160 మీటర్ల పొడవైన శిల్పాల పట్టీలో దాదాపు 75 మీటర్లు ఇప్పుడు లండన్‌లో ఉంది.

సరిగ్గా ఆ 1816లోనే కృష్ణ ఒడ్డున మన అమరావతిలో కల్నల్ కాలిన్ మెకంజీ తన చిత్రకారులతో దిగి, మహాస్తూపం పలకలను ఒక్కొక్కటిగా గీయిస్తున్నాడు. అప్పటికే ఆ దిబ్బ రాళ్లు ఊళ్లో కట్టుబళ్లకు తరలిపోతున్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, కొన్నేళ్లకు అందులో చాలాభాగం లండన్‌కు పోయాయి. చాలాకాలం వాటిని ఎలియట్ మార్బుల్స్ అనేవారు, అవి పాలరాయి కాకపోయినా. ఎల్గిన్, ఎలియట్ పేర్లలో పోలిక యాదృచ్ఛికమే. ఇద్దరి పేరునా పోయిన రాళ్లు ఇవాళ ఒకే బ్రిటిష్ మ్యూజియంలో, వేరువేరు గదుల్లో ఉన్నాయి. లండన్‌లో ఉండే తెలుగువాళ్లు ఒకే పూటలో రెండూ చూడొచ్చు. చూడాలి కూడా.

గ్రీసు స్వతంత్రమయ్యాక కొండను శుద్ధి చేయాలన్న ఆరాటం పట్టుకుంది. మసీదు, ఇళ్లు, బురుజులు తీసేశారు. 1875లో ప్రొపిలేయా పక్కనున్న మధ్యయుగపు ఎత్తయిన గోపురాన్ని కూల్చేశారు. ట్రాయ్ తవ్విన ష్లీమాన్ అందుకు డబ్బిచ్చాడు. పెరిక్లిస్ కాలం ఒక్కటే మిగలాలన్న పట్టుదలలో వెయ్యేళ్ల పైబడిన జీవితాన్ని ఊడ్చేశారు. అది తప్పేనని ఈ ఉపన్యాసం గట్టిగా అనుకుంటోంది. బ్యూలే ద్వారాన్ని ఉంచుకుని ఆ గోపురాన్ని కూల్చడంలో న్యాయం కనబడదు.

తర్వాత దెబ్బ ప్రేమతో పడింది. 1898 నుంచి 1933 వరకు నికోలాస్ బలానోస్ అనే ఇంజినీరు ఎగిరిపడిన స్తంభాలను ఏరి నిలబెట్టాడు. ఇవాళ ఫొటోల్లో కనిపించే ఉత్తరపు వరస ఆయన చలవే. కానీ ఆయన ఇనుప బందులు వేసి సీసం పూత లేకుండా వదిలేశాడు. ముక్కలను జోడించడానికి పాతరాయి విరిగిన ముఖాన్నే తిన్నగా చెక్కేశాడు. దొరికిన ముక్కను ఎక్కడ పడితే అక్కడ పెట్టించాడు. కొన్ని దశాబ్దాలకు ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది. మేకు ఉబ్బితే చెక్క పగిలినట్టు పాలరాయి లోపలి నుంచి పగిలింది. దానికి తోడు నగరం పొగ, ఆమ్లవర్షం శిల్పాల ముఖాలను పిండి చేయసాగాయి.

1975లో గ్రీకు ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. స్థపతులు, ఇంజినీర్లు, రసాయన శాస్త్రవేత్తలు, పురావస్తు పండితులు అందులో ఉన్నారు. వాళ్లు చేసింది ముందు విప్పడం. బలానోస్ ఇనుమంతా తీసి తుప్పు పట్టని టైటానియం వేశారు. చోటు తప్పిన రాళ్లను వాటి ఇళ్లకు చేర్చారు. ఏ రాయి ఎక్కడిదో ఎలా తెలిసింది? ఇందాక చెప్పిన వంపు వల్ల. రెండు రాళ్ల మీది బందుల గాడులు ఎదురెదురుగా కలవాలి. ఏటవాలు సరిపోవాలి. గాలివానలు తిన్న తీరు కలవాలి. మనోలిస్ కొరెస్ అనే స్థపతి నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న రాళ్లను ఏళ్లతరబడి కొలిచి, గీసి, ఒక్కొక్కదాని చిరునామా తేల్చాడు. ఆనాటి శిల్పులు కంటికి ఇంపుగా ఉండాలని తీర్చిన వంపు, వాళ్లు ఊహించని కాలంలో వాళ్ల గుడిని తిరిగి పేర్చడానికి తాళంచెవి అయింది.

ఇప్పుడు అతుకు వేసే పద్ధతిని దగ్గరగా చూద్దాం. స్తంభం దిమ్మెలో సగం విరిగిపోయిందనుకుందాం. విరిగిన ముఖం ఎగుడుదిగుడు గుట్టలా ఉంటుంది. దాన్ని ముట్టుకోరు. మిల్లీమీటరు కూడా చెక్కరు. ముందు ఆ ముఖానికి ప్లాస్టరుతో అచ్చు తీస్తారు. పెంతెలి నుంచి తెచ్చిన కొత్త పాలరాయిని పక్కన నిలిపి, అచ్చు మీది ప్రతి గుంటనూ ప్రతి బుడిపెనూ సూది కొలతతో కొత్తరాయి మీదికి ఎక్కిస్తూ ఉలితో చెక్కుకుంటూ వస్తారు. లోయకు కొండ, కొండకు లోయ. చివరికి రెండూ కలిపినప్పుడు మధ్యన సన్నని గీత మాత్రం మిగలాలి. కొత్తరాయికి రంగు వేసి పాతదానిలా చేయరు. ఎవరు చూసినా తెలియాలి. రేపెవరైనా తప్పని తేలిస్తే పాతరాయికి గాయం కాకుండా తీసేయగలగాలి. ఒక్క దిమ్మెకు నెలలు పట్టవచ్చు. పాతరాయిని కోసి కొత్తదాన్ని అతికించడం బలానోస్ పద్ధతి. పాతరాయి ఎక్కడ ఎలా విరిగిందో అక్కడ అలా కొత్తరాయే ఒదగడం వీళ్ల పద్ధతి. మాస్టారు బతికుంటే ఈ సన్నని గీత ముందు చాలాసేపు నిలబడేవారు.

పార్థెనాన్‌కు ఉత్తరంగా ఎరెక్థియాన్ గుడి. క్రీ.పూ. 421 నుంచి 406 మధ్య కట్టినది. నేల హెచ్చుతగ్గులకు తగ్గట్టు గుడే మెట్టు దిగింది. దీని లెక్కల పద్దులు రాతి మీద చెక్కి పెట్టారు, ముక్కలు దొరికాయి. స్తంభాలకు 24 నిలువు గాడులు చెక్కిన జట్టుల పేర్లున్నాయి. సిమియాస్ అనే పరదేశి పనివాడు, అతనితో పాటు అతని బానిస సిండ్రోన్. పౌరుడికీ, పరదేశికీ, బానిసకూ ఆ పనికి ఒకే కూలి రాశారు. బానిస కూలి యజమాని సంచిలోకే పోయి ఉంటుంది. అయినా పేరు మాత్రం రాతి మీద సిండ్రోన్‌దే. కట్టించిన రాజు పేరు తప్ప కట్టిన కూలి పేరు దొరకని చోట్లు లోకంలో ఎన్నో ఉన్నాయి. అందుకే ఈ పద్దు ముక్క పార్థెనాన్ అంత విలువైనది.

ఎరెక్థియాన్ దక్షిణపు వసారాను నెత్తిన మోసే ఆరుగురు స్త్రీమూర్తులను అందరూ ఫొటోలు తీస్తారు. అక్కడున్నవి నకళ్లు. అసలు మూర్తులను 1979లో పొగ బారి నుంచి తప్పించడానికి దింపేశారు. అయిదుగురు కొండ కిందనున్న మ్యూజియంలో ఉన్నారు, ఆరో ఆమె ఎల్గిన్ వెంట లండన్ పోయింది. మ్యూజియంలో ఆమె చోటును ఖాళీగానే ఉంచారు. అక్కడ మూర్తుల వెనక్కి వెళ్లి చూడొచ్చు, కొండ మీద అది వీలయ్యేది కాదు. వాన, పొగ ముఖాలను అరగదీశాయి గానీ వెనక జడలు చెక్కుచెదరలేదు. ఒక్కొక్కరిదీ ఒక్కో అల్లిక. తల మీద కప్పు బరువు, మెడ సన్నం. ఆ జడలే వెనక నుంచి మెడకు దన్నుగా నిలిచాయి.

2009 జూన్‌లో తెరిచిన ఆ మ్యూజియం పై అంతస్తును కింది అంతస్తుల నుంచి పక్కకు తిప్పి, సరిగ్గా పార్థెనాన్ దిశకు సమంగా నిలిపారు. అద్దాల్లోంచి గుడి కనిపిస్తూ ఉంటుంది, చేతికందేంత దూరంలో శిల్పాల పట్టీ నడుస్తుంది. గుర్రాలు, నీటి కుండలు మోసే యువకులు, బలిపశువులు, చివర తూర్పున దేవతల కొలువు, అక్కడే మడతపెట్టిన వస్త్రం చేతులు మారుతున్న దృశ్యం. ఎథీనాకు ఉత్సవంలో కొత్త వస్త్రం సమర్పించే ఘట్టం అదేనని చాలామంది పండితులు చెబుతారు. అమ్మవారికి పట్టుచీర తీసుకెళ్లే ఊరేగింపు చూసి పెరిగినవారికి ఆ పట్టీ ముందు ఎవరూ వివరించాల్సిన పని ఉండదు. తేనెరంగు పలకల మధ్యన సుద్దలా తెల్లని ప్లాస్టరు నకళ్లు. తెల్లనివన్నీ వేరే దేశాల్లో ఉన్నవాటివి.

తూర్పు పట్టీలో ఒకచోట మాత్రం ఈ మధ్య రంగు మారింది. కూర్చున్న ఆర్టెమిస్ దేవత పాదం, దాని మీద జారిన చీర అంచు ఉన్న ముక్క ఒకటి రెండు శతాబ్దాల కిందట కొండ దిగి ఇటలీ చేరింది, సిసిలీలోని పలెర్మో మ్యూజియంలో ఉండిపోయింది. ఆ మ్యూజియం 2022లో దాన్ని ఏథెన్స్‌కు పంపింది, ఆ ఏడాదే శాశ్వతంగా ఇచ్చేసింది. మరుసటి ఏడు వాటికన్ కూడా మూడు ముక్కలు ఇచ్చింది. పలెర్మో నుంచి వచ్చినది చిన్న రాయి. పట్టీలో ఉన్న ప్లాస్టరు పాదాన్ని తీసి రాతి పాదాన్ని దాని చోట పెట్టారు. వంగి చూస్తే చీర మడతల మీదుగా వెంట్రుకంత గీత ఒకటి అడ్డంగా పోతుంది.